హనుమకొండల కెమెరా చెవి ఆపరేషన్: మేడంకు 10కి 9, కింద కౌంటర్‌కు 2

ముందుగాల్నే ఒక మాట, హాస్పిటల్ పేరు రాస్తలేను, అడిగి ఇబ్బంది పెట్టకున్రి. పైన డాక్టర్ మేడం పనికి దండం పెట్టాలె, కింద కౌంటర్ల కూసున్నోళ్లతోని మాట్లాడితే బీపీ లేస్తది, రెండూ ఒక్క బోర్డు కిందనే ఉన్నయ్ కాబట్టి ఒకర్ని మెచ్చుకోవాల్నంటే ఇంకొకర్ని బజార్ల నిలవెట్టాలె, అది నాతోని కాదు. హనుమకొండల ఉంటది, ఈఎన్‌టీ ఒక్కటే చూస్తరు, గంత చాలు. నాది మెడికల్ షాపు, నేను డాక్టర్‌ను కాదు, కని ఏండ్ల సంది చెవి చుక్కలు అమ్మేటోన్ని కదా, అందుకే ఏదైనా జర ఎక్కువనే అడుగుత, డాక్టర్లకు చిరాకు వచ్చినా సరే.

పేషెంట్ మా బావ. నర్సంపేట దిక్కు ఊరు, పెండ్లిళ్లకు దావత్‌లకు వంటలు పడ్తడు, ఈయన చేసిన బగారన్నం, మటన్ తిన్నోళ్లు మల్ల ఇంకో పెండ్లికి ఈయన్నే పిలుస్తరు. ఎడమ చెవి ఎప్పటి సందో కారుతది, నా దగ్గర్నే చుక్కలు తీస్కపోతుండె, ఏస్తె ఎండుతది, జలుబు చేస్తే మల్ల మొదలు, చీముతోని పాటు పాడు వాసన, పక్కన కూసున్నోళ్లకు గూడ తెలుస్తుండె. చూపిస్తే కొలెస్టియటోమా అన్నరు. కేన్సర్ కాదు, కొలెస్ట్రాల్‌తోని గూడ సంబంధం లేదు, కర్ణభేరి పైభాగం లోపలికి గుంజుకపోయి చర్మం పొర సంచి కట్టుకొని మెల్లగ పెరుగుతది, పెరిగినకొద్ది పక్కన ఉన్న ఎముకను తింటది. చుక్కలతోని పోదు, తీసెయ్యాల్సిందే. ఇగ ఇది చుక్కలు అమ్మేటోడే చెప్తుండు కాబట్టి నమ్మున్రి, ఏండ్లకేండ్లు వాసనతోని చెవి కారితే చుక్కలు కొనుడు ఆపి చెవిల చూపించుకోన్రి.

ముందు వేరే ఒక దగ్గరికి పోయినం. బయట పెద్ద ఫ్లెక్సీ, కుట్లు లేని కెమెరా ఆపరేషన్, తెల్లారి డ్యూటీకి పోవచ్చు అని. మా అక్కకు ఒక్కటే భయం, వాళ్ల ఊర్ల ఒకామెకు ఎప్పుడో చెవి ఆపరేషన్ అయినంక మూతి వంకరపోయింది, కన్ను మూతపడకపోతుండె. అది అడిగితే ఆ సారు లేచి నిలవడి, కెమెరాల అంతా పెద్దగ కనవడ్తదమ్మా, ఏం కాదు అని నవ్విండు. ఎందుకు కాదో చెప్పలే. కనవడ్తది కరెక్టే, కనవడుడు వేరు తగలకుండ ఉండుడు వేరు కదా. మా అక్క బయటికి రాంగనే ఇంకోతానికి పోదాం అన్నది, సరే అని ఈ మేడం దగ్గరికి వచ్చినం.

ఇక్కడ టోకెన్ తీస్కున్నంక కూసోవెట్టుడు ఘోరం. లోపలికి పిలిచినంక మాత్రం మేడం తొందర పడలే. కెమెరా బిగిచ్చిన సన్న స్కోపు చెవిల పెట్టి టీవీల చూపెట్టిన్రు, బావ గూడ పడుకొనే మెడ తిప్పకుంట కండ్లతోని చూసిండు. కర్ణభేరి పైన తెల్లటి పొట్టు నిండిన గుంత. మేడం పెన్ను తీస్కొని టీవీ మీదనే గీత గీసినట్టు చూపిచ్చిన్రు, ఇగో రోగం ఇక్కడ, దీని లోపలి దిక్కు, ఇట్ల ముందు నుంచి వెనుకకు ముఖం నరం పోతది, రోగానికీ నరానికీ మధ్య ఎంత జాగ ఉందో నాకు ఇప్పుడు తెల్వది, సీటీ తీస్తే సగం తెలుస్తది, తెరిచినంక మిగతా సగం తెలుస్తది అన్నరు. ఈ ఒక్క మాటకే నేను ఫిక్స్ అయిన.

ఆ ముఖం నరం సంగతి నాకు సమజైనంత వరకు రాస్త. మెదడు నుంచి వచ్చే 12 జతల నరాలల్ల ఇది 7వది. సుమారు 10,000 పోగులు ఉంటయ్ దాంట్ల, 7,000 దాక ముఖం కండరాలకే పోతయ్, కన్ను మూసుడు, నవ్వుడు, బుగ్గలు ఊదుడు, నుదురు ముడుచుడు అన్నీ దీని మీదనే. మెదడు కాడ నుంచి సక్కగ ముఖానికి పోతే బాధ లేకుండె, కని చెవి ఎముక లోపలికెళ్లి ఒక ఎముక గొట్టంల దాదాపు 3 సెంటీమీటర్లు మలుపులు తిరుక్కుంట వచ్చి చెవి కింద బయట పడ్తది. మధ్యచెవిల అడ్డంగ పోయే ముక్క సెంటీమీటరు అటు ఇటు ఉంటది, స్టేపిస్ అని మన ఒంట్ల అన్నిటికన్న చిన్న ఎముక, 3 మిల్లీమీటర్లు, అది కూసున్న లోపలి చెవి కిటికీకి సరిగ్గ పైనుంచి పోతది. అక్కడ గొట్టం పెంకు మస్తు పల్చగ ఉంటది, కొందరికి పుట్టుకతోనే అక్కడ సందు ఉంటది, నరం బయటికే కనవడ్తది. చనిపోయినోళ్ల చెవి ఎముకలు కోసి మైక్రోస్కోపు కింద చూసిన పాత స్టడీల సగానికి పైగా ఎముకలల్ల ఏడ్నో ఓ తాన ఈ సందు దొరికిందట. అంటే ఇది వేలల్ల ఒకరికి ఉండే వింత కాదు, సర్జన్ ప్రతి చెవిల ఉన్నదనుకొనే చెయ్యి పెట్టాలె. దాని మీద కొలెస్టియటోమా గూడ ఎముకను తింటది కాబట్టి ఉన్న పెంకు గూడ పోవచ్చు. కొత్తింట్ల గోడకు మేకు కొట్టేటప్పుడు లోపల కరెంటు పైపు ఎటు పోయిందో తెల్వాలె కదా, ఇది గంతే, కాకపోతే ఈ గోడల పైపు ఒక్కోసారి ఉండది, ఒట్టి వైరే ఉంటది.

సీటీ గురించి ఒక ముచ్చట. టెంపోరల్ బోన్ హెచ్‌ఆర్‌సీటీ అని రాస్తరు, అంటే చెవి ఎముక స్కాన్, మామూలు తల సీటీ కాదు, మస్తు పల్చటి స్లైసులు తీస్తరు. మాకు రిపోర్టుల ఫేషియల్ కెనాల్, అంటే ముఖం నరం పోయే ఎముక గొట్టం, బాగున్నది అన్నట్టు వచ్చింది. మేడం రిపోర్టు పక్కన పెట్టి ఫిలిం తనే లైటు మీద పెట్టి చూసిన్రు, అక్కడ పెంకు గింత పల్చగ ఉంటే సీటీల ఉన్నా లేనట్టు కనవడొచ్చు, లేకున్నా ఉన్నట్టు కనవడొచ్చు, నేను లేదనే అనుకుంట అన్నరు. అదే నిజమైంది, ముంగట చెప్త.

కెమెరా గొప్పదా మైక్రోస్కోపు గొప్పదా అని నేను సూటిగ అడిగిన. నాకు నచ్చింది ఏందంటే మేడం తన దగ్గర ఉన్న మిషన్‌కు డప్పు కొట్టలే. స్కోపు 3 లేదా 4 మిల్లీమీటర్లు ఉంటది, చెవి రంధ్రంల నుంచే పోతది, చెవి వెనక కోత అవసరం లేదు, మూల మలుపులల్ల దాగిన రోగం గూడ కనవడ్తది, 30 డిగ్రీలు 45 డిగ్రీల స్కోపులు పెడితే స్టేపిస్ వెనక ఉండే సందులు గూడ దొరుకుతయ్, మైక్రోస్కోపుకు అది నిట్టనిలువుగ చూస్తది కాబట్టి ఆ సందులు దొరకవు. మరి నష్టం ఏందంటే ఒక చెయ్యి స్కోపు పట్టుకోనీకే పోతది. ఇంకో చెయ్యితోనే పనంతా, రక్తం వస్తే గుంజాలన్నా అదే చెయ్యి, కోయాలన్నా అదే చెయ్యి. మైక్రోస్కోపుతోని రెండు చేతులు ఖాళీ, పైగ లోతు తెలుస్తది, టీవీల చూస్తే లోతు తెల్వది, అలవాటు మీదనే అంచనా కట్టాలె. స్కోపు మొన లైటుకు వేడెక్కుతది గూడ, నరం బయట ఉంటే ఆ వేడి మంచిది కాదు, అందుకే లైటు తగ్గించి పెట్టుకోవాలె, మాటిమాటికి బయటికి తియ్యాలె. రోగం వెనక ఎముకల దూరం పోయి ఉంటే కెమెరా ఒక్కదాంతోని కాదు, మైక్రోస్కోపు, డ్రిల్ తీస్త, చెవి వెనక కోత పడ్తది, అప్పుడు కుట్లు లేని ఆపరేషన్ అని చెప్పి కుట్లు వేసిన్రని నా మీదికి రావొద్దు అన్నరు నవ్వుకుంట.

ఆ తర్వాత బావను అడిగిన్రు, ఏం పని చేస్తరు మీరు?

వంట మేడం అన్నడు. మేడం రాసేది ఆపి ఈయన దిక్కు చూసిన్రు. ఇంకో చెవికి ఎప్పుడన్న ఆపరేషన్ అయిందా అని అడిగిన్రు, కాలే అన్నడు. అప్పుడు చెప్పిన్రు రుచి నరం ముచ్చట. నేను ఇన్నేండ్ల సంది మెడికల్ షాపుల ఉన్న, చెవి ఆపరేషన్‌కు నాలుక రుచికి లెక్క ఉందని నాకు అప్పటిదాక తెల్వది.

కార్డా టింపానీ అంటరు. ఆ ముఖం నరమే చెవి వెనక ఎముకల కిందికి దిగేటప్పుడు దాని నుంచి చీలే సన్న కొమ్మ ఇది. అది మల్ల పైకి ఎక్కి మధ్యచెవిల జొరవడి, కర్ణభేరి వెనకనే, సుత్తి ఎముకకూ, దాని పక్కన ఉండే ఇంకస్ అనే ఎముకకూ నడుమల నుంచి ఈ దిక్కు నుంచి ఆ దిక్కుకు పోయి, ముందు సందుల నుంచి బయట పడి నాలుకకు పోయే నరంతోని కలుస్తది. నాలుక ముందటి మూడింట రెండు వంతుల రుచి, ఆ పక్కది, దీని పని. దవడ కింద ఉమ్మి గ్రంథులకు గూడ ఇదే. ముఖం నరానికైనా పల్చగనో మందంగనో ఎముక గొట్టం ఉంటది, దీనికి మధ్యచెవిల అది గూడ లేదు, ఖాళీలకెళ్లే పోతది. కర్ణభేరి పొరను ఎత్తంగనే మొదట అడ్డం వచ్చేది ఇదే. రోగం దానికి చుట్టుకొని ఉంటే కోసేస్త, రోగాన్ని వదిలిపెట్టి రుచిని కాపాడితే రోగం మల్ల వస్తది, చుట్టుకోకుంటే కాపాడ్త, కాపాడినా గుంజుడు అయితది, గుంజుడు అయితే కొన్ని నెలలు నోట్ల ఇనుము రుచి ఉంటది, ఎక్కువ మందికి మెల్లగ తగ్గుతది, వంటోళ్లు మీరు, ఆలోచించుకొని రాన్రి అన్నరు. ఒక పక్కది పోతే ఇంకో పక్కది ఉంటది కాబట్టి నడిచిపోతది, రెండు పక్కలా పోతే కష్టం, అందుకే ఇంకో చెవి గురించి అడిగిన అని గూడ చెప్పిన్రు.

బావ బయటికి వచ్చి బండి స్టార్ట్ చెయ్యకుంట నిలవడ్డడు, మూతి వంకరపోతే మాస్కు పెట్టుకొని వండుకుంట గని నాలుక పోతే నన్ను ఎవడు పిలుస్తడురా అన్నడు. ఆయనకు ఆయన లెక్క ఉంటది మరి. అక్క తిట్టి ఒప్పించింది.

ఇగ కౌంటర్ సంగతి. పైన మేడం గింత ఓపికగ చెప్తరా, కింద సంతకాల కాగితం మొత్తం ఇంగ్లీషుల, చిన్న అక్షరాలు, దాంట్ల ముఖం నరం రుచి నరం అన్నీ ఉన్నయ్, కని చదివి చెప్పే మనిషి లేడు. ఇక్కడొకటి, ఇక్కడొకటి, ఇక్కడొకటి అని వేలు పెట్టి చూపెట్టుడే. నేను చదువుతుంటె ఏమన్నా ప్రాబ్లమా సార్ అని అడిగిండు, చదువుడు ప్రాబ్లమా అన్న. వరంగల్‌ల ఉండుకుంట తెలుగుల ఒక కాగితం కొట్టించుకోనీకి ఎంత ఖర్చయితది, జిరాక్స్ షాపోడు పొద్దుమీకేసరికి చేసిస్తడు. మేడం చెప్పినందుకు మాకు తెలిసింది, ఇంకో డ్యూటీ డాక్టర్ దగ్గర పడ్డోళ్లకు ఏం తెలుస్తది.

డబ్బుల కాడ గూడ అంతే. ముందు ఒక అంకె చెప్పిన్రు, బిల్లుల నర్వ్ మానిటర్ (ఆపరేషన్ల ముఖం నరానికి కావలి కాసే మిషన్) చార్జి అని వేరే లైను వచ్చింది. మానిటర్ పెట్టుడు మంచిదే, నేను వద్దంటలేను, ముందే చెప్పున్రి అంటున్న. అంతా కలిపి లక్ష దాటలే, అది వేరే సంగతి. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నోళ్లు మీ ఆపరేషన్ దాంట్ల వస్తదా, ఆ హాస్పిటల్‌కు ఉన్నదా అని ముందే అడుక్కోన్రి. చేతుల పైసలు లేనోళ్లు ముందు ఎంజీఎంకు పోన్రి, కాకతీయ మెడికల్ కాలేజీ పెద్దాసుపత్రి అది, ఈఎన్‌టీ డిపార్ట్‌మెంట్ ఉన్నది, లైన్ల నిలవడుడు ఉంటది, నిలవడున్రి.

ఆపరేషన్ బతుకమ్మ అయినంక పెట్టుకున్నం, పండుగకు చేతిల ఆర్డర్లు ఉండె కాబట్టి. పూర్తి మత్తు ఇచ్చిన్రు. బయటికి తెచ్చినంక నేను చూసిన మొదటి పని ఏందంటే, బావకు ఇంకా మబ్బు పోలే, మేడం టోపీ గూడ తియ్యకుండనే వచ్చి మంచం పక్కన నిలవడి, కండ్లు గట్టిగ మూయున్రి, పండ్లు చూపియ్యున్రి, బుగ్గలు ఊదున్రి, నుదురు ముడువున్రి అని ఒక్కొక్కటి చేపిచ్చిన్రు. బావ మత్తుల పండ్లు చూపియ్యమంటే నాలుక చాపిండు, మల్ల చెప్పి చేపిచ్చిన్రు. రెండు పక్కలా సమానంగ వచ్చినంకనే పోయిన్రు. ఎడమ కన్ను పక్కన, పెదవి మూల కాడ సూది గుచ్చిన ఎర్ర చుక్కలు ఉండె, అవి మానిటర్ సూదులట. నరానికి పనిముట్టు దగ్గరికి పోయి కండరం కదిలితే మిషన్ కూత పెడ్తది. అందుకని మత్తు డాక్టర్ కండరాలు కదలకుంట సడలిపోయే మందు ఎక్కువసేపు ఉండేది ఇయ్యొద్దు, ఇస్తే నరం తగిలినా మిషన్ కూయది. మిషన్ ఉన్నది కదా అని ధీమా పడొద్దట గూడ, నరం ఎక్కడున్నదో తెలిసినోనికే అది పనికొస్తది, తెల్వనోనికి తగిలినంక కూస్తే ఏం లాభం.

ఒకవేళ లేవంగనే మూతి పక్కకు పోతే ఏం చేస్తరు అని నేను ముందే అడిగి ఉండె. చెవిల మత్తు ఇంజక్షన్ ఇచ్చి ఉంటే, నరం మీద పెంకు లేకుంటే ఆ మందే నరానికి తాకి కొన్ని గంటలు మూతి పోవచ్చు, అందుకని ముందు దూది ప్యాకింగ్ వదులు చేసి కొన్ని గంటలు చూస్తరట, రాకపోతే మల్ల తెరిచి చూడాల్సి వస్తది. ఇంకోటి, లేచినప్పుడు బాగనే ఉండి వారం పది రోజులకు మూతి వంకరపోవుడు గూడ ఉంటదట, అది నరం తెగినందుకు కాదు, వాపుకో లోపల పండుకున్న వైరస్ లేచినందుకో అయితది, స్టిరాయిడ్ గోళీలతోని ఎక్కువ శాతం మంచిగైతది. ఇది తెలిసి ఉంటే మనిషి ఆగం కాడు.

డిశ్చార్జి కాగితంల ఫేషియల్ నర్వ్ హౌస్ బ్రాక్‌మన్ గ్రేడ్ 1 అని రాసిన్రు. మా అక్క అది చదివించుకొని, రోగం మొదటి స్టేజి అనుకొని మెట్ల మీదనే కూసొని ఏడ్చింది. 1985ల వచ్చిన లెక్క అది, 1 నుంచి 6 దాక, 1 అంటే ముఖం పూర్తిగ మంచిగున్నట్టు, 6 అంటే అస్సలు కదలకపోవుడు. కౌంటర్ పిల్లగాన్ని అడిగితే డాక్టర్‌ను అడగాలె అన్నడు. నేను ఫోన్ల వెతికి చూపెడితే గని మా అక్క లేవలే.

వీడియో ముచ్చట చెప్పాలె, నాకు అన్నిటికన్న నచ్చింది అదే. ఆపరేషన్ రికార్డింగ్ పెన్‌డ్రైవ్‌ల ఇస్తరు, తర్వాత చెకప్‌కు పోయినప్పుడు మేడం దాన్ని పెట్టి చూపెట్టిన్రు. చెవి రంధ్రం చర్మాన్ని గుండ్రంగ కోసి కర్ణభేరితోని సహా ముందుకు మడుస్తరు, మడవంగనే తెల్లగ, వెంట్రుకల కన్న జర మందంగ, అడ్డంగ ఒకటి, అగో గదే మీ రుచి అన్నరు బావతోని. రోగం దాని పక్కకు ఆనుకొని ఉన్నది గని చుట్టుకోలే. కొన్ని మిల్లీమీటర్లు ఎముక గీకి, ఆ నరాన్ని మొండి కొనతోని పక్కకు జరుపుడు, పని చేసుడు, మల్ల జరుపుడు. ఇంకస్ కాలు సగం రోగం తిన్నది. లోపలికి పోయినంక స్టేపిస్ పైన గులాబి రంగుల ఉబ్బెత్తుగ ఒక గీత, కొంచెం దూరం పెంకు ఉన్నది, తర్వాత లేదు. ముందు దిక్కు ఒక చిన్న ఎముక మొన చూపెట్టిన్రు, దాని పైనుంచే నరం పోతది కాబట్టి ముందు దాన్ని గుర్తు పట్టి, అక్కడి నుంచి నరం దారి ఎటున్నదో లెక్క కట్టుకుంటరట. రోగం చర్మం ఆ నరం మీదనే అతుక్కొని ఉన్నది. అక్కడ మేడం కోసే పనిముట్టు పక్కన పెట్టి చిన్న దూది ఉండతోని, నరం పోయే దిక్కుకే, మెల్లగ ఒలిచిన్రు, అడ్డం గుంజలే. మధ్యల రక్తం ఊరంగనే స్కోపు తీసి మందుల తడిపిన దూది పెట్టి ఆగుడే, తెర మీద ఏం కదలది, బావకు నిద్రొచ్చింది, నాకు మాత్రం ఆ ఆగుడే ఫీజు వసూల్ అనిపిచ్చింది.

మూతికి ఏం కాలే. రుచికి అయింది, చెప్పినట్టే.

కట్టు విప్పినంక మొదలైంది, ఏం తిన్నా ఎడమ దిక్కు ఇనుము, నాలుక కొనకు మొద్దుబారినట్టు, నోరు ఆరిపోవుడు. చాయ్‌ల చక్కెర వేసిందా లేదా అని అక్కను అడుగుడు. విచిత్రం ఏందంటే కారం మాత్రం పూర్తిగ తెలుస్తది, ఎడమ పక్క గూడ నాలుక మండుతది. మేడంను అడిగితే కారం రుచి కాదు, అది మంట, మంటను మోసేది 5వ నరం, దానికి ఈ ఆపరేషన్‌తోని సంబంధం లేదన్నరు. ఉప్పు, పులుపు, తీపి, చేదు ఇవి పోతయ్, కారం మిగుల్తది. మన దిక్కు వంటోనికి అది సగం బతుకు అన్నట్టే అనుకోన్రి, కని పచ్చిపులుసుల ఉప్పు, చింతపండు సమంగ పడకపోతే కారం ఒక్కటి ఉండి ఏం జేస్తది. చపాట మిర్చి పొడి వాడ్తడు ఈయన, ఎరుపు ఎక్కువ కారం తక్కువ, అది వేసినప్పుడైతే ఎడమ దిక్కు ఏం తిన్నట్టే ఉండకపోతుండెనట.

తర్వాత ఒక ఉపాయం పట్టిండు, గంటెతోని అరచేతిల పోసుకొని నాకి, కుడి దవడకు తిప్పి, కండ్లు మూసుకొని చూసుడు. కుడి పక్క నరం మంచిగనే ఉన్నది కదా, నాలుక వెనక భాగం రుచి గూడ వేరే నరం, 9వది, అదీ మంచిగనే ఉన్నది. అయినా నమ్మకం కుదరక ఒక పెండ్లిల బగారన్నం ఉప్పు మా అక్కతోని చూపిచ్చిండు, అక్కేమో ఉప్పు తక్కువ తినే మనిషి, సరిపోయింది అన్నది, పంక్తిల కూసున్నోళ్లు ఉప్పు అడుక్కుంట తిన్నరు. సంక్రాంతి సకినాలల్ల వాము వాసన తెలుస్తుంది గని ఉప్పు తెలుస్తలేదు అన్నడు. వాసన ముక్కు పని కాబట్టి. మాఘమాసం పెండ్లిళ్లప్పటికి ఇనుము తగ్గింది, ఎండకాలం ముహూర్తాలకు మల్ల తన నాలుకతోనే చూసుకుంటుండు, కొనకు జర తేడా ఉందంటడు గని తిన్నోళ్లకైతే తెలుస్తలేదు. చెకప్‌ల మేడం ఉప్పు నీళ్లు, చక్కెర నీళ్లు దూది పుల్లతోని ఒక్కో పక్క అద్ది చూసి రాసుకున్నరు. నరం పూర్తిగ తెగినోళ్ల కన్న గుంజినోళ్లకే ఒక్కోసారి ఈ ఇనుము రుచి బాధ ఎక్కువ ఉంటదట, వినడానికి ఉల్టా ఉన్నది. బిళ్లలు రాసిన్రు, మెకోబాలమిన్, నరాల విటమిన్ అంటరు. నేను రోజూ అమ్ముత, అది వేసుకుంటనే నరం మంచిగైందని మాత్రం చెప్పను, టైమే చేసిందనుకుంట.

ఇంకో చిన్న ముచ్చట. చెవి సాఫ్ చేసేటప్పుడు సన్న గొట్టంతోని గుంజుతరు, గొట్టం పెట్టినప్పుడల్లా బావకు పొడి దగ్గు. ఏసీ పడ్తలేదు అని అనుకున్నడు. జూనియర్ డాక్టర్ చెప్పింది, చెవి రంధ్రం చర్మానికి 10వ నరం కొమ్మ ఒకటి వస్తది, గొంతుకు పోయేది గూడ అదే నరం, అందుకని చెవిల గెలికితే కొందరికి దగ్గొస్తది అని. ఇయర్ బడ్స్ పెట్టుకుంట దగ్గేటోళ్లు ఇంట్ల ఎవరన్న ఉంటే గమనించున్రి. బడ్స్ పెట్టుడు మంచిది కాదనుకోన్రి అది వేరే.

రాత్రి ఎమర్జెన్సీ నంబరు గురించి మాత్రం కోపం పోలే. మూతి గుంజితే, కన్ను మూతపడకుంటే, తల తిరిగితే వెంటనే ఈ నంబరుకు చెయ్యున్రి అని కాగితం మీద ఎర్ర ఇంకుతోని రాసిచ్చిన్రు. ఒక రాత్రి చెవిల నుంచి ఎర్రనీళ్లు కారినయ్ అని అక్క భయపడి చేస్తే ఎత్తినోడు లేడు. అది మామూలేనట, లోపల పెట్టిన జెల్ కరిగి వస్తదట, తెల్లారి చెప్పిన్రు. మూతి గుంజుడే అయి ఉంటే? స్టిరాయిడ్ తొందరగ మొదలు పెట్టాలె అని వాళ్లే చెప్తరు, ఫోన్ మాత్రం ఎత్తరు. మేడంతోని అన్న, ముఖం చిన్నవోయింది ఆమెకు, తన సొంత నంబరు రాసిచ్చిన్రు. మంచి మనిషే గని అందరికి సొంత నంబరు ఇచ్చుకుంట పోతే ఆమె నిద్ర పోవొద్దా, నంబరు కాడ ఒక మనిషిని పెట్టాల్సింది మేనేజ్‌మెంట్.

వినికిడి సంగతి షార్టుగ చెప్త, చెవి ముందటి చిన్న మృదులాస్థి ముక్క తీసి కర్ణభేరికి అతికిచ్చిన్రు, పోయిన ఇంకస్ జాగల సర్దిన్రు, ఆడియోగ్రాం, అదే వినికిడి పరీక్ష, మునుపటి కన్న మంచిగొచ్చింది, పూర్తిగ రాలే, రాదని ముందే చెప్పిన్రు. కారుడు బందయింది, వాసన పోయింది. ఈ రోగం మల్ల రావొచ్చు కాబట్టి చెకప్‌లు ఆపొద్దు, అవసరమైతే ఎమ్మారై తీపిస్త అన్నరు.

మార్కులు అంటే, మేడంకు 10కి 9, ఆ ఒక్కటి టైముకు రానందుకు. థియేటర్, సిస్టర్లు బాగున్నరు. కౌంటరు, బిల్లు, ఫోను కలిపి 10కి 2, అది గూడ లిఫ్టు పనిచేసినందుకు. మీరు ఎక్కడ చేపించుకున్నా సరే, ముఖం నరం, రుచి నరం రెండిటి పేరు తీసి అడుగున్రి, మీ చేతులతోని ఇసొంటివి ఎన్ని అయినయ్, నర్వ్ మానిటర్ ఉన్నదా, కెమెరాతోని కాకపోతే మైక్రోస్కోపుకు మారుతరా అని. చిరాకు పడితే లేచి రాన్రి. పాట పాడేటోళ్లు, వంటోళ్లు, హల్వాయోళ్లు అయితే మీ పని ఏందో డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పున్రి.

ఓపీకి సాయంత్రం పోతే గుంపు, పొద్దున టోకెన్లు మొదలు కాకముందే పోన్రి. బండి బయట రోడ్డు మీద పెడితే ట్రాఫిక్ వాళ్లు ఫొటో కొడ్తరు, వెనక సందుల జాగ ఉన్నది. వీడియో కావాల్నంటే పెన్‌డ్రైవ్ ఇంటికాడ నుంచే తీస్కపోన్రి, వాళ్లు ఇచ్చేదానికి బయటి రేటు కన్న డబుల్ వేస్తున్నరు.